కొమ్ము, మండ, చూర

రాజేశ్వర్ సేటు ముసలివాళ్ళ చేతులను దోచుకున్నాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆర్మూర్‌లో ఈ సంగతి చాలామందికి తెలుసు. పైకి అన్నవాడు బుచ్చన్న ఒక్కడే.

దోపిడీ జరిగిన చోటు పెర్కిట్ రోడ్డులో సేటు కట్టించిన రేకుల హాలు. బయట బోర్డు మీద వయోవృద్ధుల డే కేర్ సెంటర్ అని రాసి ఉంటుంది. జనం ముసలోళ్ల బడి అంటారు. పొద్దున తొమ్మిదింటికి కోడళ్ళు, కొడుకులు తమ ముసలివాళ్ళను చేయి పట్టుకుని తెచ్చి గేటు దగ్గర వదిలి గబగబా పనులకు పోతారు. నాలుగింటికి వచ్చి తీసుకుపోతారు. మధ్యలో అన్నం, పప్పు, బీపీ చూడటం, కాసేపు చేతులు పైకీ కిందికీ ఆడించడం. చూసుకునే మేడమ్ పేరు త్రివేణి. పాతికేళ్ళుంటాయి. అందరినీ తాతా, అమ్మమ్మా అని పిలుస్తుంది.

బుచ్చన్న అక్కడికి అన్నం కోసం పోతాడు. భార్య గంగామణి పోయి రెండేళ్ళయింది. పొయ్యి ముట్టించడం రాక కాదు. ఒక్కడి కోసం ముట్టించబుద్ధి కాదు.

ఆ శనివారం అన్నాలయ్యాక హాల్లో టార్పాలిన్ పరిచారు. ఇద్దరు హమాలీలు నాలుగు బస్తాలు దించి, మూతులు విప్పి కుమ్మరించారు. పాలిష్ పట్టిన కొత్త పసుపు. ధూళి లేచి కిటికీలోంచి వచ్చే ఎండలో తిరిగింది. త్రివేణి చప్పట్లు కొట్టింది.

"చేతులకు ఎక్సర్‌సైజ్! పొడుగువి ఒక దిక్కు, గుండ్రంగున్నయి ఒక దిక్కు, ఇరిగినయి ఒక దిక్కు. తొందరేం లేదు, నిమ్మలంగ ఏరుండ్రి."

పొడుగ్గా ఉన్నది కొమ్ము. గుండ్రంగా ఉన్నది మండ. విరిగి తుక్కయింది చూర. మూడింటికీ మూడు ధరలు. ఏరితేనే ధర పలుకుతుంది. మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు బస్తాలు మోసిన బుచ్చన్నకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. యార్డులో ఈ పనికి ఆడకూలీలను పెడతారు, కూలి ఇస్తారు. ఇక్కడ పద్నాలుగు మంది ముసలివాళ్ళు కాళ్ళు చాపుకుని ఊరికే ఏరుతున్నారు. ఖాళీ అయిన బస్తాల మీద నీలం రంగులో సేటు మార్కా ఉంది. బుచ్చన్న గోడకు ఆనుకుని నిలబడి ఆ మార్కాను చూశాడు.

"ఏం బుచ్చన్నా, కావలి కాస్తున్నవా? కూసోని నువ్వు గుడ రెండేర్రాదు?" అంది అంజవ్వ. ఆమెకు మోకాళ్ళు పోయాయి గాని నోరు పోలేదు.

"కూలి లేంది నా చెయ్యి లేవది."

"అన్నం ముద్దకైతే మంచిగనే లేస్తది గదా!"

అందరూ నవ్వారు. నవ్వనిది లసుమవ్వ ఒక్కతే. ఆమెది బుచ్చన్న గల్లీలోనే ఇల్లు. ఎనభై దాటింది. మతి చెదిరి మూడేళ్ళయింది. కొడుకు పేరు గుర్తులేదు. కోడలు రజితను ఎవరో పనిమనిషి అనుకుంటుంది. కాని పసుపును చూడకుండానే ఏరుతున్నది. చేయి కుప్పలోకి పోతుంది, బొటనవేలు ఒకసారి ఒత్తుతుంది, ఎడమకో కుడికో విసురుతుంది. అనుమానం వచ్చిన కొమ్మును ఇంకో కొమ్ముతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. బాగా ఎండినది గణగణమంటుంది. మోగనిదాన్ని ఒళ్ళో వేసుకుంటుంది.

"ఇది పచ్చిది. మల్ల ఎండవెట్టుండ్రి" అని ఎవరికో చెప్పింది.

మూడున్నరకు సేటు వచ్చాడు. వెనకే అరటిపండ్ల గంప, ఫోటోలు తీసేవాడు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పండు పెట్టి, ఫోటో అయ్యేదాకా ఆ పండును వదలకుండా పట్టుకున్నాడు. బుచ్చన్న దగ్గరికి వచ్చేసరికి బుచ్చన్న అడిగాడు.

"సేటు, గీ మాల్ ఎవలది?"

"నాదే. ఇంకెవలది?"

"ఏరుడు ఎవలది?"

సేటు ఫోటోవాడి వైపు చూసి నవ్వాడు. "ఏరుడు ఎక్సర్‌సైజ్. హాలు నాది, కరెంటు నాది, నువ్వు తినే బువ్వ నాది. ఎన్నడన్న పైసలడిగిన్నా?"

"అడుగలె. చేపిచ్చుకుంటున్నవ్."

"నీ కడుపుమంట నాకెరుకే బుచ్చన్నా. పెండ్లాం పోయినకాన్నుంచి నీకు ఊరంత దొంగలే కానొస్తున్నరు."

అది అనకూడని మాట. బుచ్చన్న పండును నేల మీద పెట్టి బయటికి నడిచాడు.

ఆదివారం సాయంత్రం త్రివేణి అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జిల్లా ఆఫీసులో ఫిర్యాదు ఇస్తానని అతను గల్లీలో నలుగురి ముందు అన్న మాట అప్పటికే హాలు దాకా పోయింది. ఆమె గడప బయటే నిలబడింది. అతను లోపలికి రమ్మనలేదు.

"తాతా, సేటును నేనే అడిగిన. మాల్ పంపమన్నది నేను."

"ఎందుకు?"

"లసుమమ్మమ్మ ఊకె గేటు దిక్కు ఉరుకుతుండె. ఒకనాడు వంటింట్ల శనగలు వోస్తే కూసోని పుచ్చులన్ని ఏరింది. గంట సేపు కదల్లె. గప్పుడు సేటుకు ఫోన్ చేసిన."

"నీకు జీతమిచ్చేది ఎవలు?"

"సేటే" అంది త్రివేణి.

"ఇగ నువ్వు గట్లనే అంటవ్" అని అతను తలుపు వేసుకున్నాడు.

సోమవారం మొదటి బస్సుకు నిజామాబాద్ పోయాడు. మాక్లూర్ దాటేదాకా దరఖాస్తులో ఏమేం రాయించాలో మనసులో వరస పెట్టుకున్నాడు. ఆఫీసు ముందు చెట్టు కింద రాసేవాడు కాగితం తీసి, నష్టం ఎవరికి అని అడిగాడు. అందరికీ అని రాయమన్నాడు బుచ్చన్న. పద్నాలుగు పేర్లూ చెప్పాడు. లసుమవ్వ పేరు మొదట రాయించాడు. లోపల కాగితం తీసుకున్నావిడ మొత్తం చదివింది. అతను అంత త్వరగా చదువుతారనుకోలేదు.

బుధవారం జీపు వచ్చింది. వచ్చిన అధికారి నడివయసు మనిషి, మాట మెత్తన. టార్పాలిన్ మీదే కూర్చుని ఒక్కొక్కరినీ అడిగింది. కూలి ఇస్తున్నారా అంటే లేదన్నారు. బలవంతం పెడుతున్నారా అంటే అంజవ్వ చేయి అడ్డం ఊపింది.

"బలిమి ఏం లేదు మేడమ్. ఊకె కూసుంటే గోడలు మీదికి వచ్చినట్టుంటది. గింత చేతుల పనుంటే పొద్దు గడుస్తది."

"ఈ పసుపు అమ్ముకునేదేనా?"

"అమ్మకపోతే మరి, కూర వండుకుంటరా గింత పసుపు?"

అధికారి నవ్వి, రాసుకుంది. అమ్మే సరుకు సెంటర్‌లోకి తేవద్దని సేటుకు చెప్పింది. సేటు సరేనని ఫోన్ తీశాడు. గంటలో ట్రాలీ ఆటో వచ్చింది. హమాలీలు పారలతో మూడు కుప్పలనూ ఎత్తి బస్తాల్లో పోశారు. బస్తాలు కదలగానే లసుమవ్వ లేచింది. గేటు దాకా ట్రాలీ వెంట పోయింది. ఆమె గుప్పిట్లో నాలుగు కొమ్ములు మిగిలాయి. హమాలీ నవ్వుతూ ఆ గుప్పిటి విప్పదీసి కొమ్ములను బస్తాలో వేశాడు.

బుచ్చన్న అంతా చూశాడు. ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

గురువారం హాల్లో టీవీ పెట్టారు. ముసలివాళ్ళు దాని ముందు వరసగా కూర్చున్నారు. లసుమవ్వ కంచంలోని అన్నం నేల మీద పోసి మెతుకులు విడదీసింది. త్రివేణి తుడవబోతే చేయి కొరికింది. శుక్రవారం అన్నాల సమయంలో గేటు తీసి ఉంది. అరగంటకు ఎవరో ఆమెను బైపాస్ మీంచి పట్టుకొచ్చారు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి రజిత బుచ్చన్న వాకిట్లోకి వచ్చింది. తన మణికట్టునూ అత్త మణికట్టునూ కలిపి చీర పేలికతో ముడి వేసుకుంది.

"నీ న్యాయం ఒడిసిందా మామా?"

"ఏమైంది?"

"బడిల పేరు కొట్టేసిండ్రు. ఉరికేటోళ్ళను మేం కాయలేమన్నరు. నిన్న లారీ ముంగట నిలవడ్డదట. వాడు బిరేకు కొట్టబట్టి ఉన్నది."

"గది సేటు..."

"సేటు పేరెత్తకు!" రజిత గొంతుకు ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. "నిన్నటిసంది ఒక్క కట్ట చుట్టలె నేను. ఆకు కత్తిరిస్తే చింపుతది. చుట్టిన బీడీలు ఇప్పి కుప్పలు వెడ్తది. ఎల్లుండి కార్ఖానాల మాల్ అప్పజెప్పకుంటే నా బీడీ కార్డు గుంజుకుంటరు. ఆయన అంకాపూర్ల విత్తనాల గోదాంకు చీకటితోని పోతే చీకటైనంక వస్తడు. నేనొక్కదాన్ని. నువ్వు ఎవల చేతులు దోస్తున్నరని పోయి చెప్పినవో, గా చేతులు నువ్వే చూసుకో."

"నాతోని గాదు రజితా. ఆడమనిషిని..."

"మరి నాతోని అయితదా? ఒక్కనాడన్న అడిగినవా, నీతోని అయితున్నదా బిడ్డా అని? దరఖాస్తుల నా పేరు రాపిచ్చినవా?"

పంటితో ముడి విప్పింది. అత్త చేయి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"పొద్దుగూకంగ వస్త" అని వెనక్కి చూడకుండా పోయింది.

లసుమవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఎవడ్రా నువ్వు? నా కడియాలు ఎత్కపోనీకె వచ్చినవా?"

ఆమె కాళ్ళకు కడియాలు లేవు. అతను ఆ సంగతి చెప్పాడు. ఆమె తెడ్డు తీసుకుని అతని భుజం మీద కొట్టింది. తర్వాత ఇంట్లో ఉన్న డబ్బాల మూతలన్నీ తీసింది. ఉప్పు చేటలో పోసింది, బియ్యం మంచం కింద పోసింది. బండి పోతది, నేను పోవాలె అని తలుపు దగ్గరికి పోయింది. అతను వెనక్కి తెచ్చాడు. మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చాడు. పదిసార్ల తర్వాత లెక్క వదిలేశాడు. పదిగంటలప్పుడు నిలబడ్డచోటే చీర తడుపుకుంది. అతను గంగామణి పెట్టె తెరిచి పైనున్న చీర తీశాడు. కట్టడం చేతకాలేదు. కండ్లు మూసుకుని నడుము చుట్టూ చుట్టి, చెంగు దోపి, నేల కడిగాడు. కడుగుతుండగానే ఆమె మళ్ళీ వీధిలోకి నడిచింది.

ఈసారి ఆమెను తెచ్చి గోడ పక్కన కూర్చోబెట్టి, మేకుకు వేలాడుతున్న తాడు తీశాడు. ఒక కొస మంచం కోడుకు కట్టాడు. రెండో కొస పట్టుకుని ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

లసుమవ్వ అతన్ని చూడటం లేదు. ఆమె చేతులు నేల మీద పనిలో పడ్డాయి. నేల మీద ఏమీ లేదు. చేయి పోతుంది, బొటనవేలు ఒత్తుతుంది, ఎడమకు విసురుతుంది. మళ్ళీ పోతుంది, కుడికి విసురుతుంది.

దవాఖాన మంచం మీద ఆఖరి నెలలో గంగామణి వేళ్ళు దుప్పటి మీద ఇట్లాగే ఆడాయి. గంగామణి యార్డులో ఇరవై ఏళ్ళు పసుపు ఏరిన మనిషి. నొప్పికి కొట్టుకుంటున్నదనుకుని అతను ఆమె రెండు చేతులనూ తన చేతులతో అదిమి పట్టేవాడు. గంటల తరబడి పట్టేవాడు. ఆమె గుంజుకోవాలని చూసేది. అతను వదలలేదు.

బుచ్చన్న తాడు కింద పెట్టాడు.

తర్వాత లసుమవ్వ చేయి పట్టుకుని మార్కెట్ దారి పట్టాడు. ఎండ మండుతున్నది. ఆమె ఆగిన చోటల్లా ఆగాడు. సేటు గోదాంలో ఒకప్పుడు అతనితో కలిసి మోసిన హమాలీలు ఇద్దరు బస్తాల మీద కూర్చుని బువ్వ తింటున్నారు. చేతులు ఆపి చూశారు. సేటు తూకం పక్కన కుర్చీలో ఉన్నాడు.

"ఏం బుచ్చన్నా, ఈసారి ఏ ఆఫీసుకు?"

"ఏరని మాల్ ఇరవై కిలోలు గావాలె."

"ఏరనిదా? ఏరిందే అడుగుతరు ఎవలన్న. ఏం జేస్తవ్?"

బుచ్చన్న చెప్పే పని లేకపోయింది. లసుమవ్వ అతని చేయి వదిలించుకుని, తెరిచి ఉన్న కుప్ప దగ్గరికి పోయి కూర్చుంది. రెండు కొమ్ములు తీసి తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. సేటు ఆమెను చూశాడు. ఆమె ఒంటి మీద చుట్టిన చీరను చూశాడు. తర్వాత బుచ్చన్నను చూశాడు. సేటు ముఖంలో నవ్వు నిదానంగా వచ్చింది.

"నా హాల్ల ఏరితే దోపిడి. మరి నీ ఇంట్ల ఏరితే ఏమంటరు?"

హమాలీలలో ఒకడు పక్కుమన్నాడు.

"తూకం వెయ్" అన్నాడు బుచ్చన్న.

"ఊకెనే తీస్కపో. నాకు గింత పుణ్యం."

"నీ పుణ్యం నాకొద్దు. నువ్వు దొంగవే సేటు. నిన్న గుడ దొంగవే, ఇయ్యాల గుడ దొంగవే. తూకం వెయ్."

సేటు నవ్వు పోయింది. తూకం వేయించాడు. బుచ్చన్న పైసలు తూకం పళ్ళెంలో పెట్టి, సంచి కుడి భుజానికి ఎత్తుకున్నాడు. మోయడం మానేసి పదేళ్ళయింది. ఎడమ చేత్తో లసుమవ్వను లేపాడు. ఆమె లేవనంటే సంచిని ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. అప్పుడు లేచింది.

ఇంట్లో సంచి కుమ్మరించాక ఆమె తలుపు వైపు చూడలేదు. అన్నం పెడితే ఎడమ చేత్తో నాలుగు ముద్దలు తిన్నది, కుడి చేయి కుప్పలోంచి తీయలేదు. పొద్దు వాలేసరికి మూడు కుప్పలు తేలాయి. అంచులు కూడా సరిచేసింది. సూదిలాంటి చూర ముక్క ఒకటి కొమ్ముల్లో కనిపిస్తే తీసి అవతల పడేసింది.

రజిత వాకిట్లో నిలబడి ఆ మూడు కుప్పలను చూసింది. ఆమె వేళ్ళకు పొగాకు మరకలు కొత్తగా అంటి ఉన్నాయి.

"ఎక్కడిదిది?"

"నీకెందుకు?"

రజిత అత్త ఒంటి మీది చీరను చూసి నోరు తెరిచింది. బుచ్చన్న ముఖం చూసి మూసుకుంది.

"రేపు తోలుకరావాల్నా?"

"నీ ఇష్టం."

"ఎనిమిదింటికి తోలుకొస్త" అని, అత్త చేయి పట్టుకుని పోయింది. బాగుందని గాని, మంచిదని గాని అనలేదు. అనాలని అతనూ అనుకోలేదు.

వాళ్ళు పోయాక అతను కుప్పల ముందు నిలబడ్డాడు. రేపటికి ఏరడానికి ఏమీ లేదు. సేటు దగ్గరికి ఇంకోసారి పోయేది లేదు. ఏరిన మాల్ కలిపినవాణ్ణి యార్డులో తన్ని గేటు బయట పడేసేవాళ్ళు. ఒకణ్ణి బుచ్చన్నే తన్నాడు. వాడు ఏడుస్తూ కాళ్ళు పట్టుకున్నా వదలలేదు.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాపి మండలను కొమ్ముల్లోకి నెట్టాడు. చూరను దోసిళ్ళతో పైన చల్లాడు. కుప్పను కింది నుంచి పైకి మూడుసార్లు తిరగేశాడు. ఏది ఎక్కడిదో తనకే తెలియకుండా పోయేదాకా కలిపాడు.

ఆదివారం లసుమవ్వ కుప్ప ముందు కూర్చుని పిడికెడు తీసి చూసింది.

"ఏ లంగ కలిపిండ్రా గిట్ల? కొమ్మేందో మండేందో ఎరుక లేదు ముండకొడుక్కు!"

"ఎవడో కలిపిండు లసుమక్కా."

"కూలి కట్ చెయ్ వానిది."

"చేస్త."

ఆమె ఏరింది. సాయంత్రం అతను కలిపాడు. సోమవారం ఏరింది, కలిపాడు. మంగళవారం అతను కూడా పక్కన కూర్చుని ఏరబోతే, కొమ్ముల్లో మండ వేశావని చేతి మీద చరిచింది. రజిత రోజూ ఎనిమిదింటికి తెచ్చి వదులుతున్నది, పొద్దుగూకగానే తీసుకుపోతున్నది. ఆమె కార్డు పోలేదు. బుచ్చన్న సెంటర్‌కు పోవడం మానేశాడు. పొయ్యి ముట్టిస్తున్నాడు.

బుధవారం సాయంత్రం తలుపు సగం తెరిచి ఉంది. త్రివేణి కాగితం పట్టుకుని వచ్చింది. దరఖాస్తు మీద ఇంకేం ఫిర్యాదు లేదని అతను సంతకం పెట్టాలట. గడప దగ్గరే ఆగిపోయింది. అతను కుప్ప మీద వంగి ఉన్నాడు, రెండు చేతులూ మోచేతుల దాకా పసుపులో ఉన్నాయి. గోడ పక్కన ఇంకా కలపని మండల కుప్ప ఉంది.

"ఏరినయి మల్ల కలుపుతున్నవా?"

అతను గోనెపట్టా లాగి కుప్ప మీద కప్పాడు.

"నువ్వేం చూడలె."

ఆమెకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించింది.

"ఇది అమ్మే మాల్ గాదు గదా. గిట్లనే ఒక్క సంచి సెంటర్ల పెట్టుకుంటే ఆఫీసు మేడమ్ వద్దనది. అంజమ్మమ్మ వాళ్ళు పొద్దంత టీవీ ముంగట కునుకుతున్నరు. నువ్వొక్క మాట చెప్పు ఆఫీసుల. నువ్వు చెప్తే ఇంటరు."

"ఏమని చెప్పాలె? పొద్దంత మీరు చేసిన పని మాపటికి నేను చెడగొడుతున్నా అని చెప్పాల్నా? అంజవ్వకు మతి ఉన్నది. ఎరుకైతే ముడుతదా? గల్లీల ఎరుకైతే రేపు ఎవడో ఒకడు లసుమక్క మొఖం మీదనే అంటడు. గప్పుడు నువ్వు పట్టుకుంటవా గా చేతులు?"

"రజితకన్న చెప్తవా?"

"చెప్ప."

"మరి నువ్వు పోయి ఫిర్యాదు చేసింది..."

"చేసింది చేసిన. సేటు దొంగనే. ఆ మాట ఎక్కడన్న అంట."

కాగితం అందుకుని మోకాలి మీద పెట్టి సంతకం చేశాడు. కాగితం నిండా పసుపు అంటింది. ఆమె తీసుకున్నది గాని కదలలేదు. ఇంకా ఏదో అడగబోయింది.

"ఇంటున్నవా బిడ్డా? గీ పసుపు ముచ్చట నేను సచ్చేదాక ఎత్తనే ఎత్త. నువ్వు ఎత్తినవంటే ఈ గడప తొక్కకు."

తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. ఆమె అడుగుల చప్పుడు గల్లీ చివర దాకా పోయాక పట్టా తీశాడు.

లసుమవ్వ ఎట్లా కుదురుకుందని తర్వాత అధికారి ఒకసారి ఫోన్ చేసి అడిగింది. అంజవ్వ కబురు పంపింది. రోజూ ఏరడానికి పసుపు ఎక్కడిదని రజిత మూడుసార్లు, మూడు రకాలుగా అడిగింది. అతను ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ చెప్పడు.